క్తప్రత్యయంలో కకారం, కంపైలర్‌లో యాట్రిబ్యూట్

జనక్‌పురి ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలో కేంద్రీయ సంస్కృత విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం ఉంది. 1970లో రాష్ట్రీయ సంస్కృత సంస్థాన్‌గా మొదలైన ఈ సంస్థ, 2020లో తిరుపతి విద్యాపీఠంతో పాటు ఒకే చట్టం కింద కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆంధ్రా స్కూలు పుణ్యమా అని ఢిల్లీ తెలుగువాళ్లకు జనక్‌పురి పరాయిది కాదు. అక్కడి పాణినీయ వ్యాకరణంతో మనకేం పని అని నోయిడా, గుర్గావ్ ఆఫీసుల్లో కోడ్ రాసుకునేవాళ్లు అనుకోవచ్చు. పని ఉంది. కంపైలర్‌కు కొత్త ఫంక్షన్ యాట్రిబ్యూట్ చేర్చే ప్యాచ్ ఒకటి రివ్యూకు వస్తే దాన్ని ఏ ప్రశ్నలతో చదవాలో ఆ శాస్త్రం రెండు వేల ఏళ్లకు ముందే సాధన చేసింది.

యాట్రిబ్యూట్ అంటే ఫంక్షన్‌కు తగిలించే గుర్తు. ఈ ఫంక్షన్ తిరిగి రాదు, ఈ పాయింటర్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు లాంటి హామీ అందులో ఉంటుంది. గుర్తు తనంతట తాను ఏ సూచననూ పుట్టించదు, కానీ కంపైలర్‌లోని మిగతా దశలు దాన్ని చూసి నడక మార్చుకుంటాయి. పాణిని ప్రత్యయాలకు తగిలించిన అనుబంధాలు చేసేదీ ఇదే. నీ ధాతువుకు తృచ్ చేరితే ‘నేత’ వస్తుంది, క్త చేరితే ‘నీత’ వస్తుంది. తృచ్‌లో చకారం, క్తలో కకారం రెండూ లోపించేవే, మాటలో ఎక్కడా వినిపించవు. అయినా ఈకారం ఏకారం కాకుండా ఆపింది ఆ కకారమే. పాణిని వ్యాకరణం మొదటి అధ్యాయంలోని 1.1.5 సూత్రం దాన్ని చూసి ఆ మార్పును, అంటే గుణాన్ని, నిషేధిస్తుంది. కథ అక్కడితో అయిపోలేదు. వచ్ ధాతువుకు తృచ్ చేరితే ‘వక్త’, క్త చేరితే ‘ఉక్త’. ఈసారి అదే కకారాన్ని ఎక్కడో ఆరో అధ్యాయంలో ఉన్న 6.1.15 సూత్రం చదివి, వకారాన్ని ఉకారం చేసింది. గుర్తు ఒకటే, దాన్ని చదివే సూత్రాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. కాబట్టి క్తలోని కకారం మీద చెయ్యి వేసేవాడు 1.1.5 ఒక్కటే చూసి ఊరుకుంటే ‘నీత’ కుదిరినా ‘ఉక్త’ చెడుతుంది.

కంపైలర్‌లో సరిగ్గా ఇలాగే చెడ్డ సందర్భాలున్నాయి. జీసీసీ కంపైలర్‌లోని నాన్‌నల్ యాట్రిబ్యూట్ రెండు పనులకు పనికొస్తుంది: ఖాళీ పాయింటర్ పంపితే హెచ్చరించడం ఒకటి, పాయింటర్ ఖాళీ కాదన్న నమ్మకంతో కోడ్‌ను కుదించడం రెండోది. బైట్లను కాపీ చేసే మెమ్‌మూవ్‌లాంటి ఫంక్షన్ల మీద ఆ హామీ ఉంది. సున్నా బైట్లు కాపీ చేయమని ఖాళీ పాయింటర్‌తో దాన్ని పిలిచి, ఆ తరువాత పాయింటర్ ఖాళీయేమో సరిచూసుకునే ప్రోగ్రాములూ ఉన్నాయి. 2014లో విడుదలైన జీసీసీ 4.9, ఖాళీ కాదని ముందే హామీ ఉంది కదా అని ఆ సరిచూసే పరీక్షను తీసేయగలిగింది. హెచ్చరిక కోసం చూసుకుంటే అదే గుర్తు ఉన్న రక్షణను ఊడబీకింది. సున్నా బైట్లయితే ఖాళీ పాయింటర్ చెల్లుతుందని సి భాష ప్రమాణాల సంఘం ఒప్పుకునేసరికి 2024 వచ్చింది. రస్ట్ భాష అనుభవం ఇంకో రకం. ఒక చోటికి వేరే దారి లేదని చెప్పే నోఎలియాస్ గుర్తును, తన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ఎల్ఎల్‌విఎంకు పంపితే, రస్ట్ ఇచ్చిన హామీ నిజమే అయినా దాన్ని మోసుకెళ్లే దశల్లో లోపాలు బయటపడ్డాయి. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగి జరిగి, చివరికి 2021లో అది నిలదొక్కుకుంది. ఒక ఫంక్షన్‌ను ఇంకోదాంట్లో కలిపేసినప్పుడు, లూప్‌ను విప్పి రెండు కాపీలు చేసినప్పుడు హామీ నిలుస్తుందా అన్నది రివ్యూలో తప్పక అడగాల్సిన ప్రశ్న. కొత్త కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా దానికి జవాబు అందులో దొరకదు, పాత కోడ్‌లో వెతకాలి.

వ్యాకరణంలో ఇలా పాత సూత్రాల్లో వెతికే పని చేసినవాళ్లు పాణిని తరువాత వచ్చిన కాత్యాయనుడు, పతంజలి. కాత్యాయనుడు రాసిన వార్తికం పని మూడు రకాలని సంప్రదాయం చెబుతుంది: చెప్పినదాన్ని, చెప్పకుండా వదిలేసినదాన్ని, సరిగా చెప్పనిదాన్ని విచారించడం. నా దృష్టిలో రెండోదే అన్నిటికన్నా కష్టం. ప్యాచ్‌లో లేనిది కంటికి కనబడదు కదా. పతంజలి మరో మెట్టు ఎక్కి, ఇది లేకపోయినా పని జరుగుతుందా అని అడుగుతాడు. జరుగుతుందని తేలితే పాణిని సూత్రాన్నయినా, కాత్యాయనుడి సవరణనయినా అక్కర్లేదని తోసిపుచ్చుతాడు. 2023లో వచ్చిన ఎల్ఎల్‌విఎం 16లో మెమరీని చదువుతుందా, రాస్తుందా, ఎక్కడ ముట్టుకుంటుంది అని విడివిడిగా చెప్పే ఫంక్షన్ గుర్తులన్నీ పోయి, మెమరీ అనే ఒక్క యాట్రిబ్యూట్‌లో ఇమిడాయి. ఒకటొకటిగా ఆ గుర్తులు చేరుతున్న రోజుల్లోనే పతంజలి ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే కొంత శ్రమ తప్పేది. పాణిని, కాత్యాయనుడు, పతంజలి అనే ఈ ముగ్గురు మునుల్లో మాట తేడా వస్తే తరువాతివాడి మాటకే ప్రామాణ్యం ఎక్కువన్న నియమం కూడా గమనించదగ్గది. పాణిని అంతటివాడి విషయంలో రివ్యూ చేసినవాడికే పైచేయి ఇచ్చారు.

ఇదంతా సంస్కృతమే కంప్యూటర్‌కు తగిన భాష అనే పాత పాట కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. ఆ పాటకు ఆధారంగా చూపే, 1985లో రిక్ బ్రిగ్స్ రాసిన వ్యాసం విషయం శాస్త్రకారులు వాక్యార్థాన్ని విడమరిచే పద్ధతి. దాన్ని చదవకుండానే మనవాళ్లు ఊరేగించారు. పాణిని ప్రోగ్రామర్ అనీ ఇక్కడ అనడం లేదు. నియమాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడిన చోట సవరణను పరీక్షించే పద్ధతి గురించే ఈ మాట. రెండో ఆక్షేపణ బరువైనది: ఇంత శల్యపరీక్ష పెడితే ప్యాచ్ నెలల తరబడి మూలుగుతుంది, రాసినవాడు విసిగి వెళ్లిపోతాడు. నిజమే, అలా జరుగుతోంది. కానీ యాట్రిబ్యూట్ ఒకసారి చేరితే వెనక్కి తీసుకోవడం కష్టం. ఎల్ఎల్‌విఎం 3.0 కాలం నాటి బిట్‌కోడ్‌ను, అంటే కంపైలర్ దాచుకునే మధ్యరూపాన్ని కూడా ఇవాళ్టి కంపైలర్ చదవాలన్నది నియమం కనుక, రద్దయిన గుర్తులకూ అర్థం చెబుతూనే ఉండాలి. ప్రయోగాలకు వేరే దారి ఉంది: కంపైలర్ జాబితాలో చేర్చకుండా వట్టి పేరుతో స్ట్రింగ్ యాట్రిబ్యూట్‌గా పెట్టి చూడవచ్చు, ఫలితం రుజువయ్యాక అసలు జాబితాలోకి తేవచ్చు.

అందుకే రివ్యూ చేసేవారికి ఒక విన్నపం. ప్యాచ్ తెరవగానే కోడ్‌లోకి దిగకండి. ముందు డాక్యుమెంటేషన్ పేరా చదవండి. హామీ ఎవరిస్తున్నారు, దాన్ని ఏయే దశలు చదువుతాయి, అది అబద్ధమైతే ఏమవుతుంది అన్నవి అందులో లేకపోతే, టెస్టులన్నీ పాసైనా ఆ ప్యాచ్‌ను వెనక్కి పంపండి.