నల్లరాతి నునుపు

పాలంపేటలోని రామప్ప గుడిలో గైడు మనల్ని ముందు గర్భగుడి వాకిలి దగ్గరికి తీసుకుపోతాడు. అక్కడి వేణుగోపాలుడి శిల్పాన్ని వేలితో తట్టి స్వరాలు వినమంటాడు. ముచ్చటైన సంగతే. పాలంపేట పనితనం చూడాలంటే మాత్రం బయటికొచ్చి తల పైకెత్తాలి.

మూడు వాకిళ్లకూ నాలుగేసి చొప్పున పన్నెండు మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు. స్తంభాల మీంచి బయలుదేరి చూరు కిందికి ఏటవాలుగా ఒరిగి ఉంటాయి. ఒకామెది ఎత్తుమడమల పాదరక్ష, మరొకామె చీర కోతి లాగుతోంది, ఇంకొకామె ఒంటినిండా పాములు. సాగదీసిన ఒళ్లు, సన్నటి నడుము. చేతికీ నడుముకీ మధ్య రాయిని ఆరపార తొలిచేశారు. నున్నటి ఒంటి మీద హారాల గీతలు ఇప్పటికీ పదునుగా కనిపిస్తాయి.

ఇదంతా రాయి ఎంపికలోనే మొదలైంది. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయివి. ఇసుకరాయిని చెక్కడం తేలికే, కానీ రేణువులు రాలిపోతాయి, వెంట్రుకవాసి గీత నిలవదు. అందుకే మదనికలకు నల్లటి డోలరైట్ తెచ్చారు. అందులో స్ఫటికాలు చాలా సన్నవి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఉలికి ఓ పట్టాన లొంగదు. ఆ నునుపు తేవాలంటే చివరికి ఓపిగ్గా అరగదీయాల్సిందే. కీబోర్డు ముందు మణికట్టు ఆనించుకునే చెక్కదిమ్మెను సొంతంగా చేసుకునే కుర్రాళ్లకు ఈ బాధ తెలుసు. మెత్తటి కర్ర ఇట్టే తెగుతుంది, అంచు గుండ్రంగా తిప్పబోతే పోగులు లేస్తాయి. ఇరుగుడు చెక్కయితే సాండ్‌పేపర్ పట్టిన చెయ్యి లాగేస్తుంది గానీ, తేలిన నునుపు చెక్కుచెదరదు.

శిఖరానికి వచ్చేసరికి లెక్క మారింది. అక్కడ కావలసింది తేలిక, అందుకని నీళ్లలో తేలే గుల్ల ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ ఇటుకలకే ఎక్కువ పేరొచ్చింది. నా ఓటు మాత్రం నల్లరాతికే.

1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం వెలువరించిన గులాం యజ్దానీ, ఈ మదనికలు చూరును మోస్తున్నట్టు కనిపిస్తాయే తప్ప నిజానికి అలంకారాలేనని తేల్చారు. చదివితే తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆ సన్నటి నడుముల గుట్టు అక్కడే ఉంది. నిజంగా చూరు బరువంతా మీద పడి ఉంటే అంత సన్నగా చెక్కే ధైర్యం ఏ శిల్పీ చేసేవాడు కాదు. మోత తప్పింది గనకే రాయిని అంత లోతుగా తొలవగలిగారు.