తిత్తి ముందా, సుత్తి ముందా

విశ్వకర్మ పూజ నాడు జంషెడ్‌పూర్‌లో పనిముట్టు పని చెయ్యదు. సెప్టెంబరు 17న ఆదిత్యపూర్ షెడ్లలో లేతు మిషన్లకు బంతిపూల దండలు పడతాయి, గ్యారేజీల్లో స్పానర్లు పీట ఎక్కుతాయి, బండ్లన్నీ కడిగి బొట్లు పెడతారు. మా పెరటి కొలిమికీ ఆ రోజు సెలవే. సుత్తులు, పట్టకార్లు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి దాగలి పక్కన వరసగా పేర్చాను. ఆదివారాలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలంతా ప్రసాదానికి వచ్చారు. వాళ్ళలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఆ వరసనంతా ఒకసారి చూసి, "తాతగారూ, ఇవాళంటే వీటికి సెలవు. మిగతా రోజుల్లో మా చేతికి ఎందుకివ్వరు?" అని అడిగింది.

ఆ ప్రశ్న వారమంతా నన్ను వదల్లేదు.

ఈ శీర్షిక చదువుతున్నవాళ్ళకు నా నియమం తెలుసు. కొలిమి దగ్గరకొచ్చిన పిల్లలు ముందు గాలి కొట్టాలి, నిప్పును చూడాలి. సుత్తి సంగతి ఆ తర్వాత. మా పెరట్లో ఉన్నది చేత్తో తిప్పే బ్లోయరే అయినా నేను దాన్ని తిత్తి అనే పిలుస్తాను. కరెంటు పంకా పెట్టుకోమని ఎంతమంది చెప్పినా పెట్టలేదు, పెట్టను కూడా. చెయ్యి ఆపితే నిప్పు తగ్గాలి. స్విచ్ వేసి మరిచిపోయిన గాలికి ఉక్కు కాలిపోతుంది.

నిప్పును చూడాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇనుము ముందు మసక ఎరుపెక్కుతుంది, తర్వాత దానిమ్మ గింజ రంగుకొస్తుంది, ఆపైన నారింజ, ఆపైన పసుపు. నారింజకూ పసుపుకూ మధ్య, సుమారు వెయ్యి, పదకొండు వందల డిగ్రీల దగ్గర, సుత్తి మాట వింటుంది. మసక ఎరుపులో బలంగా కొడితే గట్టి ఉక్కు పగులుతుంది. తెల్లబడి చిటపటమని రవ్వలు చిమ్మిందంటే కాలిపోతున్నట్టే, అక్కణ్ణుంచి దాన్ని వెనక్కి తేలేం. ఈ రంగులు ఎండలో కనిపించవు. అందుకే కొలిమి ఎప్పుడూ నీడలో ఉండాలి. పిల్లలకు అయస్కాంతం ఆట కూడా చూపిస్తాను. 770 డిగ్రీలు దాటిన ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. చల్లారుతూ ఆ గీత కిందికి రాగానే మళ్ళీ అంటుకుంటుంది. ఏ వయసు పిల్లలైనా దీనికి నోరు తెరుస్తారు.

ఈ మధ్య ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు నా పట్టుదలను ఇంకా పెంచాయి. మొదటి రోజే బాకు, రెండో రోజు కత్తి. 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి టెల్కో లారీలు కట్టడం మొదలుపెట్టిన ఊరు మనది. పాత లారీ కమాను పట్టీకి ఇక్కడ కరువులేదు. అదిచ్చి, రుద్దించి, కత్తి చేశావని ఫోటో తీసి పంపితే పిల్లవాడికి వచ్చిందేమిటి? వేడి చేసి నూనెలో ముంచిన కమాను ఉక్కు గాజంత పెళుసు. దాన్ని మళ్ళీ రెండు వందల డిగ్రీల పైచిలుకు వేడిలో, లేత గడ్డిరంగు తిరిగేదాకా కాచి పదును కుదర్చాలి. ఆ ఓపిక లేనప్పుడు చేతిలో ఉన్నది ఎప్పుడు విరిగి ఎగురుతుందో తెలియని ముక్క. మొదటి పని మేకు. తర్వాత గోడకు కొట్టే కొక్కెం. నా మాట ఇదే, ఇందులో మార్పు లేదు.

తిత్తి ముందన్న మాట మాత్రం నాకు మా ఊరి నుంచి వచ్చింది.

వేసవి సెలవులకు టాటానగర్‌లో బండెక్కి, ఖరగ్‌పూర్‌లో మారి, ఆముదాలవలసలో దిగేవాళ్ళం. అక్కణ్ణుంచి ఎడ్లబండి. ఏరువాకకు ముందు ఊళ్ళో అందరికంటే తీరిక లేని మనిషి కమ్మరి తాత. నాగటి కర్రులు అరిగి మొండిగా వచ్చేవి. వాటిని కాల్చి సాగదీయాలి. కొడవళ్ళకు కక్కు పెట్టాలి, గునపాల మొనలు తీయాలి. డబ్బు మాటే ఉండేది కాదు. పంట నూర్చినప్పుడు కళ్ళంలో మేర కొలిచేవారు. పాకలో రెండు తోలు తిత్తులు, వాటి మధ్య తాత మనవడు. ఇంచుమించు నా వయసువాడే. ఒక తిత్తి నిండుతుంటే రెండోది ఊదేది, గాలి తెగేది కాదు. వాడు కాస్త మందగిస్తే తాత తలెత్తకుండానే "ఊదరా గుంటడా" అనేవాడు. కర్రు ఏ రంగుకొచ్చిందో చూడకుండా, గాలి చప్పుడు విని మాత్రమే తాత పట్టకారు అందుకునేవాడని నాకప్పుడు నమ్మకం. ఇప్పటికీ అందులో నిజం ఉందనే అనుకుంటాను.

సమ్మెట కొట్టేవాడు ఎదురుగా నిలబడేవాడు. తాత చిన్న సుత్తితో ఎక్కడ తట్టితే అక్కడే సమ్మెట పడాలి. తాత దాగలి అంచు మీద సుత్తి ఆనించాడంటే ఆపమని. ఆ పాకలో మాటలు చాలా తక్కువ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను గుమ్మం దగ్గరే కూర్చునేవాణ్ణి. మా నాయనమ్మ అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోయేది.

మా నాన్న లాంటి వాళ్ళు శ్రీకాకుళం వదిలి ఇక్కడికొచ్చింది ఇనుము కోసమే. 1912 ఫిబ్రవరి 16న సాక్చీలో టాటా కంపెనీ మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. ఆ తర్వాత కద్మా, బిష్టుపూర్‌లలో తెలుగు వీధులు, రామమందిరం, ఆంధ్రా అసోసియేషన్ వచ్చాయి. అయితే ఈ నేలకు ఇనుము నేర్పింది కంపెనీ కాదు. గుమ్లా, లోహర్దగా, నేతర్‌హాట్ కొండల్లో అసుర తెగ ఆదివాసులు నడుమెత్తు మట్టి కొలుముల్లో, సాల్ బొగ్గుతో, రాతి నుంచి ఇనుము తీశారు. ఇనుము అక్కడ కరిగి పారేది కాదు, మెత్తటి ముద్దగా దిగేది. దాన్ని కొట్టి కొట్టి చిట్టెం కార్చేసేవారు. విదేశీ ఇనుము చవగ్గా వచ్చిపడటం, అడవుల మీద బ్రిటిషు చట్టాలొచ్చి బొగ్గుకు కట్టె దొరక్కపోవడం, ఈ రెండూ కలిసి ఆ కొలుముల్ని ఆర్పాయి. కోనసముద్రం సంగతి మళ్ళీ ఎత్తాడని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు, కానీ ఎత్తకుండా ఉండలేను. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన, నిజామాబాద్ వైపు ఆ కోనసముద్రం ఉక్కు కూడా, మట్టి మూసల చుట్టూ గంటల తరబడి తిత్తి ఆగకుండా ఊదిన మనుషుల చెమటే.

ముండా ఆదివాసులు చెప్పుకునే అసుర కథలో తిత్తి ఉంది. అసురుల కొలుముల పొగ రాత్రీ పగలూ ఆకాశాన్ని కమ్మేస్తోందని సింగబోంగా దేవుడు ఒళ్ళంతా పుండ్లున్న కుర్రాడి వేషంలో దిగి వస్తాడు. కొలిమిలోకి దిగి, బంగారంతో నిగనిగలాడుతూ బయటికొస్తాడు. ఆశపడి అసుర మగవాళ్ళంతా లోపలికి దిగుతారు. బయట తిత్తులు ఊదేది వాళ్ళ ఆడవాళ్ళు. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా ఊదుతూనే ఉంటారు.

ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను, పిల్లలకు కూడా. ఈ వారం మాత్రం ఆ ఆడవాళ్ళ దగ్గరే ఆగిపోయాను. గాలి కొట్టేవాళ్ళకు నిప్పు తెలుస్తుందని కదా నా వాదన! కథ దానికి పూర్తిగా ఎదురు చెబుతోంది. గాలి చేతిలో ఉంటే చాలదు. లోపలున్నది తన ఇనుమై ఉండాలి, దాన్ని తను కొట్టాల్సి ఉండాలి. అప్పుడే కన్ను రంగు కోసం వెతుకుతుంది.

అక్కణ్ణుంచి మా ఊరి పాక మళ్ళీ కళ్ళముందు కట్టింది. తిత్తి ఊదే మనవడు అంత బాగా గుర్తున్నాడు గానీ, వాడి తమ్ముణ్ణి ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. నాలుగైదేళ్ళ పిల్లాడు. పాక మూల ఒక నల్లరాయి ముందు కూర్చుని, పిడి విరిగిన చిన్న సుత్తితో చల్లటి వంకర మేకుల్ని పొద్దస్తమానం కొట్టుకుంటూ ఉండేవాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ నేర్పలేదు. అన్న కూడా తిత్తి దగ్గరకు చేరకముందు ఆ మూలనుంచే వచ్చి ఉంటాడు. కమ్మరి ఇంట ముందు వచ్చేది సుత్తే. తిత్తి దగ్గర కూర్చోబెట్టింది చదువు చెప్పడానికి కాదు, పొలాలకు కర్రులు అందాలి గనుక. అది పని. ఇప్పుడైతే కొన్ని మినహాయింపులు తప్ప పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనికీ కుదుర్చుకోకూడదని 2016 చట్ట సవరణ చెబుతోంది, చెప్పాల్సిందే. వాళ్ళ పనిని నేను పాఠంగా తీసుకొచ్చి, వారానికి రెండు గంటలు వచ్చే పిల్లల ముందు పెట్టాను. మనవడు ఒక్క రోజులో చూసే కాపులు ఈ పిల్లలు నెలలో కూడా చూడరు.

కాబట్టి వచ్చే ఆదివారం నుంచి సుత్తి ముందు.

రాగానే దాగలి మీద రేగడి మట్టి ముద్ద పెడతాను. బాగా కాగిన ఇనుము సాగినట్టే మట్టీ సాగుతుంది. సుత్తి వాలితే ఎటు జారుతుందో, అంచుతో కొడితే గాటు ఎలా పడుతుందో వేలు కాలకుండా తెలుస్తుంది. మొన ఎలా తీయాలో కూడా మట్టిలోనే చూపించవచ్చు. ముందు నాలుగు పలకలు, తర్వాత మూలలు కొట్టి ఎనిమిది, ఆ తర్వాతే గుండ్రం. మొదటి నుంచీ గుండ్రంగా కొట్టబోతే మొన లోపల చీలుతుంది. అదే రోజు పది మిల్లీమీటర్ల నాలుగు పలకల మెత్తటి కడ్డీతో మేకు. కొట్టి కొట్టి కడ్డీ చల్లబడి మొండికేసినప్పుడు, మళ్ళీ వేడి కావాలని వాళ్ళే అడుగుతారు. గాలి అప్పుడు వాళ్ళ చేత తిప్పిస్తాను.

కొన్ని సంగతుల్లో మాత్రం ఎవరడిగినా సడలింపు లేదు. నూలు బట్టలే వేసుకు రావాలి, నైలాన్ నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. కళ్ళద్దాలు తీయకూడదు. జుట్టు ముడెయ్యాలి. జింకు పూత ఉన్న పైపులు నిప్పులో పెట్టకూడదు, ఆ తెల్లటి పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. రెండు చివర్లూ మూసిన గొట్టం అసలే పెట్టకూడదు, పేలుతుంది. ఎర్రటి ఇనుమును ఎవరూ ముట్టుకోరు, కాలేది ఎరుపు పోయి నల్లబడ్డ ముక్క పట్టుకున్నప్పుడే. నేల మీద ఏది పడినా ముందు అరచెయ్యి వెనకభాగం దగ్గరగా పెట్టి చూడాలి.

ఇక సామాను సంగతి. దాగలి పైభాగం, చెయ్యి వేలాడేసి నిలబడితే పిడికిలికి తగిలే ఎత్తులో ఉండాలి. మా రైలు పట్టా దాగలి పెద్దవాళ్ళ కొలతది. పిల్లల్ని పలకలెక్కించి నిలబెడితే కాలు జారుతుంది గనుక, పొట్టి సాల్ మొద్దు మీద ఇంకో పట్టా ముక్క బిగించాలి. కిలో సుత్తి వాళ్ళ మణికట్టును పాడు చేస్తుంది. అర కిలో బాల్‌పిన్ సుత్తి, పిడి మూరెడు మించనిది కావాలి. పాత ఇనుము దుకాణాల్లో పెద్దవే దొరుకుతున్నాయి. కద్మా, సోనారీ వైపు పాఠకుల ఇళ్ళలో రిటైరైన ఫిట్టర్ల పెట్టెలు అటకల మీద చాలా ఉంటాయి. పిడి లేకపోయినా ఫరవాలేదు, తల పగలకుండా ఉంటే చాలు. ఆదివారం పది గంటల లోపు తెచ్చిస్తే ఆ రోజే పిడి బిగిస్తాం.