సోషలే కదా!

మన ఇళ్ళల్లో పిల్లల చదువుల మధ్య కూడా తోటికోడళ్ళ తేడాలున్నాయి, ఎప్పుడైనా గమనించారా? లెక్కలు పుట్టింటి నుంచి దండిగా తెచ్చుకున్న పెద్ద కోడలు. దానికి ట్యూషనూ, మంచి టీచరూ, పొద్దున్నే కాఫీ వేళ మర్యాదా. సైన్సు ఉద్యోగం చేసే కోడలు, దానికీ లోటు రానివ్వం. ఇంగ్లీషు సరేసరి, పట్నం నుంచి వచ్చిన పిల్ల, దాని ముందు అందరం ఒదిగే మాట్లాడతాం. ఇక మిగిలింది సోషల్. ఏమీ తీసుకురాని చిన్నకోడలు. "సోషలే కదా, పరీక్ష ముందు రోజు చూసుకుంటే చాలు" అని దాన్ని వంటింటి మూలన కూర్చోబెడతాం.

నేను బి.ఏ. చదివినదాన్ని కాబట్టి ఈ చిన్నకోడలంటే నాకు మొదటి నుంచీ కాస్త పక్షపాతం. అయినా అభిమానం వేరు, సమీక్ష వేరు. మొన్న గరిడేపల్లిలో మా తమ్ముడింట్లో నాలుగు రోజులున్నాను. మేనకోడలు ఏడో తరగతి. దాని సోషల్ పుస్తకంలో చరిత్ర భాగాన్ని నవల చదివినట్టు ఒక్క బిగిని చదివేశాను. "అది చదువుతున్నవేంది వదినా, టీవీలో సీరియల్ వచ్చే టైమాయె" అని మా మరదలు నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ, చదివాక నాలోని నవలా రచయిత్రి ఊరుకోలేకపోయింది.

మొట్టమొదటి ఫిర్యాదు పాత్రల గురించి. మధ్యయుగమంటూ మన పిల్లలు చదివే పాఠాలలో కాకతీయులున్నారు, విజయనగర రాజులున్నారు, మొఘలులున్నారు. ఒక్కొక్క రాజూ వస్తాడు, యుద్ధం చేస్తాడు, శిస్తు వసూలు చేస్తాడు, చెరువో గుడో కట్టిస్తాడు, పోతాడు. మరో రాజు వస్తాడు. ఎవరికీ ఆకలి లేదు, భయం లేదు, జ్వరం రాదు, కూతురి పెళ్ళి బెంగ లేదు. ఇలాంటి నవల నేను రాసి పంపిస్తే ఏ సంపాదకుడైనా తిరుగుటపాలో వెనక్కి పంపేస్తాడు. మా మేనకోడలు ఓ రాత్రి భోజనాల దగ్గర అడిగింది: "అత్తమ్మా, ఈ రాజులకు అమ్మలు, అక్కలు లేరా?" మంచి విమర్శకులు పుట్టేది అలాంటి ప్రశ్నల్లోంచే.

ఉన్నారమ్మా, ఎందుకు లేరు! దూరం వెళ్ళనక్కరలేదు. గరిడేపల్లి నుంచి సూర్యాపేట వెళ్ళి, అక్కడికి కాస్త దూరంలో ఉన్న పిల్లలమర్రి చూస్తే చాలు. కాకతీయుల సామంతులైన రేచర్ల వారి ఊరది. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఎరకసాని అనే ఇల్లాలు, బేతిరెడ్డి భార్య. గుడికి పెట్టింది తన పేరే. ఆ రేచర్ల వంశం వారే కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అప్పుడు అందరం బస్సులు కట్టించుకుని వెళ్ళి ఫోటోలు దిగాం. ఇంటి పక్కనున్న పిల్లలమర్రికి మాత్రం పండగనాడు తప్ప వెళ్ళం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

రెండో ఫిర్యాదు పేరు గురించి. మధ్యయుగం అంటున్నాం, దేనికి మధ్య? గ్రీకు, రోము వైభవాన్ని తలుచుకుని మురిసిపోయిన యూరప్ పండితులు, ఆ వైభవానికీ తమ కాలానికీ నడుమనున్న వెయ్యేళ్ళకి పెట్టుకున్న పేరది. 476లో పడమటి రోము సామ్రాజ్యం కూలిన నాటి నుంచి 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతికి పోయిన దాకా అని ఒక కొలత. కొందరు దాన్నే చీకటి యుగమన్నారు. వాళ్ళ ఇంట్లో దీపం కొండెక్కితే ఊరంతా చీకటేనా? ఆ కాలంలోనే బాగ్దాదులో గ్రీకు, సంస్కృత గ్రంథాలు అరబ్బీలోకి తర్జుమా అవుతున్నాయి. చైనాలో పుస్తకాలు అచ్చవుతున్నాయి. మన వైపు పాకాల, రామప్ప చెరువులు తవ్వుతున్నారు. 1967లో సాగరు కాలువలకి నీళ్ళొచ్చేదాకా చెరువు నీటి విలువ తెలిసి బతికిన మన పల్లెలు, చెరువులు తవ్వించిన కాలాన్ని చీకటి కాలమని ఎట్లా అంటాయి? ఎవరి కొలతకో కుట్టిన జాకెట్టు మన పిల్లకి తొడిగి, భుజాల దగ్గర పట్టేసిందేమని విసుక్కుంటే ఏం లాభం?

మూడో ఫిర్యాదు అన్నిటికన్నా పెద్దది. మన పిల్లలకి మన చరిత్ర ఒక అల్మారాలో, ప్రపంచ చరిత్ర మరో అల్మారాలో పెట్టి, రెండింటికీ వేరువేరు తాళాలు వేశారు. ఏడో తరగతిలో కాకతీయులు. యూరపులో వచ్చిన మార్పులు తొమ్మిదో తరగతి మాట. ఈ రెండూ ఒకే ఆకాశం కింద జరిగాయని పిల్లకి చెప్పేవారు లేరు.

అదే ఎరకసాని గుడిని మధ్యలో పెట్టి చుట్టూ చూడండి. ఆ గుడి కట్టడానికి ఆరేళ్ళ ముందు, 1202లో, ఇటలీలో పీసా నగరానికి చెందిన లియొనార్డో లెక్కల పుస్తకమొకటి రాశాడు. ఫిబొనాచి అంటే పిల్లలు గుర్తుపడతారు. మన అంకెలు అరబ్బుల దగ్గరికి వెళ్ళి, ఉత్తర ఆఫ్రికా రేవు పట్నంలో తండ్రితో ఉన్న ఆ కుర్రవాడి చేతిలో పడి, ఆ పుస్తకం ద్వారా యూరపు వర్తకుల చిట్టాల్లోకి చేరాయి. గుడికి రెండేళ్ళ ముందు, 1206లో, మంగోలు తెగలన్నీ కలిసి టెముజిన్‌ని చెంగిజ్ ఖాన్ అన్నాయి. గుడి కట్టిన ఏడేళ్ళకి, 1215లో, ఇంగ్లండు రాజు జాన్ తన ప్రభువుల ఒత్తిడికి లొంగి మాగ్నా కార్టా ఒప్పుకున్నాడు. పారిస్‌లో నోత్రదాం చర్చి పని అప్పటికి నలభై అయిదేళ్ళుగా సాగుతూనే ఉంది. ఇక్కడ మన వడ్డెర శిల్పి సుత్తి దెబ్బ, అక్కడ వాళ్ళ శిల్పి సుత్తి దెబ్బ ఒకే వేళలో మోగాయన్నమాట. ఇది చెప్పడానికి కొత్త పుస్తకం అచ్చు వేయించక్కరలేదు. నల్లబల్ల మీద రెండు నిలువు గీతలు గీస్తే చాలు.

ఇంకో మాట. రుద్రమదేవిని గుర్రమెక్కించి, చేతికి కత్తిచ్చి నిలబెట్టేశాం. ఆమె పేరు విదేశీయుల చెవిన ఎట్లా పడిందో పిల్లలకి చెబితే ఎంత బావుంటుందో! ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు ఓడ తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా రాజులు లాక్కునేవారు. ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకులకి ధనం ప్రాణంతో సమానమని తలచి, ఈయన ఆ పద్ధతి మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ తీసుకోమన్నాడు. ఆ రేవు సంగతులు వెనీసు యాత్రికుడు మార్కోపోలో చెవిన పడ్డాయి. న్యాయం, శాంతి కోరే ఒక రాణి ఈ దేశాన్ని ఏలిందనీ, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందనీ ఆయన చెప్పాడు. చీరల కొట్లో అంచు పట్టుకుని నేత చూసే మనకి ఆ పోలిక విలువ తెలియదూ?

అయితే మార్కోపోలో ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. పైగా ఆమె 1295 దాకా ఏలిందని చాలాకాలం పండితులు అనుకునేవారు. నకిరేకల్లు దగ్గర చందుపట్ల అనే ఊళ్ళో దొరికిన శాసనం ఆ లెక్క మార్చేసింది. 1289 నవంబరు 27 నాటి ఆ రాయి మీద, రుద్రమదేవీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళారని, వారి పుణ్యం కోసం భూమి దానం చేశామని రాసి ఉంది. దానం చేసినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. తిరుగుబాటు చేసిన సామంతుడు అంబదేవుడితో పోరులో ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారుల ఊహ. చూశారా, ప్రపంచ ప్రఖ్యాత యాత్రికుడి మాట ఒక పక్క, మన జిల్లా రాయి ఒక పక్క. రెంటినీ పిల్లల ముందు పెట్టి "ఎవర్ని నమ్ముతారు, ఎందుకు?" అని అడగండి. ఏడో తరగతి పిల్లలు డిటెక్టివు నవల చదివినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. చరిత్రంటే బట్టీ పట్టేది కాదనీ, తేల్చుకోవలసిందనీ తెలుస్తుంది.

వంటిల్లు కూడా చరిత్ర పాఠమే. రుద్రమదేవి వంటింట్లో పచ్చిమిరపకాయ లేదు! టమాటా లేదు, ఆలుగడ్డ లేదు. కారం కావాలంటే మిరియమే. ఇవన్నీ 1492లో కొలంబసు అమెరికా దారి పట్టాక, పోర్చుగీసు ఓడల పుణ్యమా అని మన పొయ్యి దగ్గరికి చేరినవి. మా మేనకోడలికి ఈ మాట చెప్తే రెండు రోజులు గోంగూర పచ్చడి వంక అనుమానంగా చూసింది. కానీ మర్చిపోతుందంటారా?

ఇంతదాకా సరదాగానే చెప్పుకొచ్చాను. ఇక సరదా కాని సంగతి.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లుని పట్టుకున్నాడు, కాకతీయుల రాజ్యం పోయింది. ఆ పాఠం జరిగిన రోజు క్లాసంతా ఒక్కసారి వెనక బెంచీ వైపు తిరిగి ఓ పిల్లవాణ్ణి చూసిందట. "మీవాళ్ళే" అన్నాడట ఒకడు. ఆ పిల్లవాడి తండ్రి ఆ ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేస్తాడు. మా తమ్ముడి పొలంలో నీళ్ళు పారుతున్నాయంటే అది ఆయన చేతి చలవే. ఏడువందల ఏళ్ళ కిందటి కోట గోడకి ఆ పసివాడు జవాబు చెప్పుకోవాలా? అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే ఇదే. మా మేనకోడలు ఈ సంగతి చెప్పి, "వాడు ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు అత్తమ్మా" అంది.

ఆ పిల్లలది తప్పనను. వాళ్ళకి మనం సగం గది చూపించి ఇదే ఇల్లన్నాం. మిగతా సగమూ చూపిస్తే అలా అనరు. గణపతిదేవుణ్ణి చిన్నతనంలో బందీగా పట్టుకుపోయింది దేవగిరి యాదవ రాజులు. రుద్రమదేవి మీద కత్తి దూసింది సొంత సామంతుడు. 1204లో శిలువ పేరు చెప్పి బయల్దేరిన క్రైస్తవ సైన్యం క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకుంది. 1258లో చెంగిజ్ ఖాన్ మనవడు హులాగు బాగ్దాదుని నేలమట్టం చేసి, ముస్లిములకి పెద్దదిక్కైన ఖలీఫాని చంపించాడు. ఈ నాలుగు సంగతులూ ఒక్క పాఠంలో పక్కపక్కన చదివిన పిల్ల వెనక బెంచీ వైపు తిరగదు. రాజులు రాజ్యం కోసం కొట్టుకున్నారనీ, ఏ ఊళ్ళోనైనా కాలింది మామూలు మనుషుల ఇళ్ళనీ దానికి తెలుస్తుంది. ఆరో క్లాసు, ఏడో క్లాసు పిల్లలకి ప్రపంచ చరిత్ర ఎందుకని అడిగేవారికి నా జవాబు ఇదే. మనం చెప్పకపోతే చెప్పడానికి ఫోన్లున్నాయి. వాటిలో వచ్చే చరిత్రకి శాసనమూ అక్కరలేదు, సాక్ష్యమూ అక్కరలేదు.

టీచర్ల కష్టం నాకు తెలియనిది కాదు. సిలబసు పూర్తి చెయ్యాలి, పరీక్షలు పెట్టాలి, ఇంకా సవాలక్ష పనులుంటాయి. పరీక్షలో అడిగేదేమో "ఖాళీలు పూరించుము". అడగని ప్రశ్నకి జవాబు నేర్పించమంటే ఎవరికి మాత్రం ఓపిక? అందుకే ఈ పనిలో కొంత మన వాటా అంటున్నాను. పువ్వుల ముమ్మడి శాసనమూ, ఎరకసాని గుడీ చూడటానికి ఏ డిగ్రీ అక్కరలేదు. బస్సు ఛార్జీలు, ఒక ఆదివారం, పులిహోర డబ్బా ఉంటే చాలు. వెళ్ళేటప్పుడు పక్కింటి పిల్లల్నీ, వెనక బెంచీ పిల్లవాణ్ణీ కూడా ఎక్కించుకుంటే మరీ మంచిది. ఆ గుళ్ళూ చెరువులూ వాడివి కూడా.

అక్కడికి వెళ్ళాక సంవత్సరాలు అప్పజెప్పమని మాత్రం అడక్కండి. నల్లరాతి స్తంభం మీద అరచెయ్యి ఆనించమనండి. ఈ రాయి చెక్కుతున్న రోజున బాగ్దాదులో, వెనీసులో, చైనాలో మనలాంటి వాళ్ళ పిల్లలు ఏం చేస్తూ ఉండి ఉంటారో ఊహించమనండి. జవాబు తప్పయినా ఫరవాలేదు, మార్కులు వేసేవాళ్ళు అక్కడెవరూ ఉండరు.