'కూలీల కొరత' ఎవరి మాట?

"కూలోళ్లు దొరుకుతలేరు." శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఆసామిని కదిపినా ఇదే మాట. వ్యవసాయ నిపుణులు దీన్నే 'కూలీల కొరత' అని రాస్తున్నారు. తక్కువ కూలికి, పిలిచిన పొద్దుకు వచ్చే మాల మాదిగ ఆడమనుషులు దొరకడం లేదన్నదే దీని అసలు అర్థమని మేము భావిస్తున్నాం. సుస్థిర వ్యవసాయం గురించిన రాతల్లో భూసారం ఉంటది, భూగర్భ జలం ఉంటది. కలుపు తీసే మనిషి నడుం నొప్పి ఉండదు.

2008లో మొదలైన ఇక్కడి విమానాశ్రయం కింద దాదాపు 5,500 ఎకరాలున్నాయి. అందులోని సాగుభూముల్లో నాట్లేసిన చేతుల లెక్క ఎవరు తీశారు? అప్పటి 1894 భూసేకరణ చట్టంలో పరిహారం భూమి మీద హక్కున్నవాళ్లకే. వ్యవసాయ కూలీ కుటుంబాన్ని బాధిత కుటుంబంగా గుర్తించింది 2013 చట్టం. పొలం పోయిననాడు లెక్కలోకి రాని మనిషి, మిగిలిన పొలానికి మాత్రం 'కొరత' అయి కనిపిస్తున్నది!

ఆసాముల ఫిర్యాదు ఇప్పుడు చట్టంలోకీ ఎక్కింది. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో తెచ్చిన చట్టం పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది. దాంతోపాటే నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా ఆ పనులు ఆపే వీలు పెట్టింది. కూలి రేటు గట్టిగా అడగగలిగే రోజులు అవే కదా?