ఆరు సిలిండర్ల ప్రవేశ దరువు

నువ్వు మొదటిసారి బెజవాడ ఆటోనగర్‌కి వచ్చినప్పుడు నీ ఒంటి మీద ఏమీ లేదు.

ముందు ఇంజన్, వెనక బారుగా రెండు ఇనప దూలాలు, కింద చక్రాలు. తలుపు లేదు, అద్దం లేదు, నెత్తిన నీడ లేదు. జంషెడ్‌పూర్‌లో బయల్దేరిన బోడి చాసిస్‌వి. నీ మీద ఒక చెక్కపలక బిగించుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఒడిశా దుమ్మూ కోస్తా ఎండా కలిపి తాగుతూ నిన్ను తోలుకొచ్చిన డ్రైవరు దిగి ముందు ముఖం కడుక్కున్నాడు. ఆ తర్వాతే నోరు విప్పాడు. టీ కొట్టు దగ్గర మేస్త్రీలు గ్లాసులు చేతిలో ఉండగానే నీవైపు తిరిగారు. మా కూచిపూడిలో వేషం కట్టబోయే కుర్రాణ్ణి పెద్దలు చూసే చూపు అది. ముఖం చూడరు. నిలబడ్డ తీరు చూస్తారు.

భామా! ఇక నిన్ను ఇలాగే పిలుస్తాను. లారీని పట్టుకుని భామా అంటాడేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. మా ఊళ్లో మగవాళ్లు తరతరాలుగా సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935-2012) జడ ముందుకు వేసుకుని నడిచొస్తే, లోపలున్నది మగవాడన్న సంగతి సభ మరిచిపోయేది. ఇనుము భామ కావడం అంతకన్నా కష్టమా?

మా ఊరి నుంచి నీ దగ్గరికి దారి తేలిక. పామర్రులో ఎడమకు తిరిగితే బందరు రోడ్డే తీసుకొస్తుంది. ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు, కానూరు. దారికి ఆ కొసన నట్టువాంగం తాళాలు, ఈ కొసన సమ్మెటలు. మధ్యలో వరిచేలు, ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్లు. చిన్నప్పటి నుంచీ రెండు కొసల చప్పుడూ విన్నవాణ్ణి. రెండింటికీ చుట్టరికం ఉందని నా అనుమానం. ఆ అనుమానమే ఈ స్తోత్రం.

జవహర్ ఆటోనగర్ 1966లో మొదలైంది. నీ జాతి అంతకన్నా పాతది. టాటా వాళ్లు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టింది 1954లో. పదిహేనేళ్ల ఆ పొత్తు తీరేదాకా మీ అమ్మమ్మల నుదుట మూడు కోణాల నక్షత్రం మెరిసింది. బెంజి సర్కిల్‌కి ఆ పేరు ఆ లారీల వల్లే వచ్చిందని బెజవాడలో చెప్పుకుంటారు. ఊరి నడిబొడ్డు కూడలికి రాజు పేరో నాయకుడి పేరో కాకుండా లారీ పేరు పెట్టుకున్న ఊరు నీ పుట్టిల్లు కాకపోతేనేం, మెట్టినిల్లు.

ఇక్కడ నీకు ఆహార్యం కట్టారు. వడ్రంగి కొలతల టేపు ఒకసారే తీశాడు, తర్వాతంతా కన్నే. కర్ర క్యాబిన్, అడుగు బల్లలు, పక్కన డాలాలు, వెనక తలుపు, పైన కమ్మీలు. వెల్డింగ్ మెరుపుల్లో రాత్రంతా నీ నీడ గోడ మీద ఆడింది. పెయింటర్ వచ్చి నీ నుదుటి పలక మీద కనకదుర్గమ్మను నిలబెట్టాడు, డాలాల మీద తామరలు విప్పాడు, వెనక రెండు నెమళ్లను ఎదురెదురుగా దించాడు. మా భామ జడకి రాగిడి ఉంటుంది, చంద్రవంక ఉంటుంది, చివర జడకుప్పెలు ఊగుతాయి. నీ బంపరుకి నల్ల కుచ్చులు ఊగుతాయి. అద్దాల పక్కన నిమ్మకాయా మిరపకాయలూ, వెనక ఎక్కడో ఒక పాత చెప్పూ. అంత సింగారించుకున్నదానికి దిష్టి తగలదా మరి?

ఈ మధ్య నీ చెల్లెళ్లు కంపెనీ క్యాబిన్‌తోనే దిగుతున్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. వడ్రంగుల చేతి పని తగ్గింది, నిజమే. కర్ర క్యాబిన్ అందానికి నేనెంత మురిసినా, మే నెల మధ్యాహ్నం దాని లోపల ఇంజన్ పక్కన కూర్చుని ఉడికింది నేను కాదు. కాబట్టి ఈ విషయంలో నా విచారం నా దగ్గరే ఉంచుకుంటాను.

సింగారం సరే, బరువు మోసేది పాదాలు. కమాన్ కట్టల దగ్గరికి పోదాం. పొడుగు పట్టీ పైన, దాని కింద పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది. ఏళ్ల తరబడి బరువు మోసి వంపు చచ్చిన పట్టీని కమ్మరి కొలిమిలో పెడతాడు. ఎరుపు ఏ ఛాయకు వచ్చినప్పుడు తీయాలో అతని కంటికి తెలుసు. సమ్మెట దెబ్బకు వంపు తిరిగి లేస్తుంది, నూనెలో ముంచగానే బుస్సుమంటుంది. ఒక్క పట్టీ వంపు తక్కువైనా నువ్వు ఒక పక్కకు ఒరిగి నడుస్తావు. ఖాళీగా ఉన్నప్పుడు నీ డాలాలు, గొలుసులు, కమాన్లు అన్నీ గలగల. ధాన్యం బస్తాలు నిండగానే ఎంత నెమ్మదివైపోతావో! నిండు కుండ తొణకదంటారు. మా ఊళ్లో అది సామెత కాదు, సాధన. తరంగం ఆడే అమ్మాయి తల మీద నీళ్ల చెంబు, పాదాల కింద ఇత్తడి పళ్లెం అంచు. పళ్లెం కదలాలి, చెంబు కదలకూడదు. కాలవ గట్టు మీద, రెండు పక్కలా నీళ్లున్న సన్నటి దారిలో, మట్టసంగా సాగిపోయే నిన్ను చూసినప్పుడల్లా నాకు ఆ చెంబే కనిపిస్తుంది.

ఇక నీ గుండె. నీకు ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. గాలిని పదిహేడో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తావు. నొక్కుడుకే అది అయిదు వందల డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ క్షణాన నాజిల్ నుంచి డీజిల్ మంచులా విచ్చుకుని దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ పద్ధతిని 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించాడు. 1900 నాటి పారిస్ ఎగ్జిబిషన్‌లో ఇతని తరహా ఇంజన్ ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. వేరుశనగ నూనె! ఆ పొగ వాసన మన అనంతపురం వాడి ముక్కుకు తగిలి ఉంటే, వంటింట్లో ఏదో మాడుతోందని పరుగెత్తేవాడు. ఆ మహానుభావుడు 1913లో ఓడలో ఇంగ్లండుకు పోతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. పేరు మాత్రం ప్రతి పెట్రోలు బంకులోనూ రోజూ పలుకుతున్నాం.

ఆటోనగర్ అంతా నల్లగా ఉంటుంది, ఒక్క పంపు గది తప్ప. అక్కడ చెప్పులు బయట. తలుపు వేసే ఉంటుంది. పంపు లోపలి ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య ఎడం మూడు నాలుగు మైక్రాన్లు, వెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యో వంతు. చిటికెడు దుమ్ము చాలు, దాని బతుకు బుగ్గి. బెంచి మీద పంపు తిరుగుతుంటే ఆరు గాజు గొట్టాల్లోకి డీజిల్ దిగుతుంది. ఆరూ ఒకే మట్టంలో నిలిచేదాకా పంపు మెకానిక్ తిప్పుతాడు, ఆపుతాడు, వంచుతాడు, మళ్లీ తిప్పుతాడు. వేషానికి ముందు అర్ధనారి కళ్లకు కాటుక దిద్దే చెయ్యి కూడా ఇంత ఊపిరి బిగపట్టదేమో.

ఆ ఆరు సిలిండర్లు వరసగా పేలవు, భామా. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. చాలాకాలం నేనిది కంఠతా పట్టాల్సిన లెక్క అనుకున్నాను. ఒకరోజు నేలమీద చాక్‌పీసుతో గీసి చూస్తే అడుగులు కనిపించాయి. ఒకటీ రెండూ మూడూ ముందు సగం. నాలుగూ అయిదూ ఆరూ వెనక సగం. దెబ్బ ఒకసారి ముందు, ఒకసారి వెనక. కుడి పాదం, ఎడమ పాదం. పక్కపక్కవి వెంటవెంటనే పేలితే క్రాంకు ఒకే చోట మెలిపడుతుంది, ఒంటి కాలి మీదే తాండవమాడినవాడి మడమలాగా. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి ఆరు దెబ్బలూ పూర్తి, ఎడం ఎక్కడా చెదరదు. రూపక తాళానికీ అక్షరాలు ఆరే. స్లోలో నిమిషానికి 600 చుట్లు తిరిగినా నువ్వు సెకనుకు ముప్పై అక్షరాలు పలుకుతావు. అంత ద్రుతంలో తాళం వేయగల గురువు మా ఊళ్లో పుట్టలేదు, పుట్టడు.

వినగల గురువులు మాత్రం మీ ఊళ్లో ఉన్నారు. పెద్ద మేస్త్రీ పొడుగు స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేస్తాడు. చప్పుడు మారితే ఆ సిలిండర్ బతికుంది. మారలేదా, తప్పిన అడుగు అదే. ట్యాపెట్ సెట్టింగ్ మరీ ముచ్చట. ఒకటో సిలిండర్ తన వంతుకు సిద్ధంగా ఉందో లేదో దాన్ని చూస్తే తెలియదు. ఆరో దాన్ని చూడాలి. దాని వాల్వుల్లో ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఊగుతుంటే, ఒకటోది నిశ్చలంగా ఉన్నట్టు. సత్యభామ మనసు చెలికత్తె మాధవి ముఖంలో చదివినట్టు.

కొత్త కామన్ రైల్ ఇంజన్ల దగ్గర ఈ నట్టు విద్య పనికిరాదు. పాత నాజిల్ రెండు వందల బార్ దరిదాపుల్లో తెరుచుకునేది, ఇప్పుడు పైపులో పదహారు వందలు, ఆ పైన. వదులైన నట్టు దగ్గర వేలు పెడితే ఆ సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకని కుర్ర మెకానిక్కులు లాప్‌టాప్ తగిలించి కోడ్ చదువుతున్నారు. పెద్దాయన వెనక నిలబడి, కోడ్ తెర మీదికి రాకముందే జబ్బు పేరు చెప్పేసి టీకి పోతాడు. సగంసార్లు ఆయనే కరెక్టు. మిగతా సగం గురించి ఆయన మాట్లాడడు.

నీ పొగ నీ అభినయం. నలుపు అంటే తిండి ఎక్కువ, గాలి తక్కువ. నీలం అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో పోయాయి. ఇంజన్ కాగాక కూడా తెలుపు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. పికప్ కోసమని పంపు స్క్రూ తిప్పించి, నిన్ను నల్ల పొగ కక్కించి, అదేదో మగతనం అనుకునే ఓనర్లంటే నాకు చిరాకు. శ్రుతి లేకుండా గొంతు పెంచిన పాటను బలం అనరు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చి, పెద్ద లారీలకు నూటికి 32.5 పాళ్లు యూరియా కలిసిన నీళ్లు తాగించడం మామూలు చేసింది. దాన్నీ దాటవేసే దొంగదారులు వెతికేవాళ్లున్నారు. నా లెక్కలో వాళ్లు మెకానిక్కులు కారు.

పందెం మాట ఎత్తనా? నీకూ పందేలున్నాయి. 1979లోనే అమెరికాలో అట్లాంటా ట్రాక్ మీద లారీలు పరుగెత్తాయి. మన దేశంలో 2014 మార్చి 23న గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో టాటా ప్రైమాలు పోటీపడ్డాయి. మొదట్లో స్టీరింగ్ పట్టింది విదేశీ రేసర్లు. 2016కల్లా మన లారీ డ్రైవర్లనే ఎంపిక చేసి, నేర్పి, ట్రాక్ మీదికి దింపారు. దాబా మంచం మీద నిద్రపోయే మనిషి నిప్పంటుకోని సూటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, స్టాండ్లలో జనం అరుస్తుంటే మలుపు తిప్పాడు. నాకు ఆ పందెంలో గెలుపోటముల కన్నా అదే గొప్ప.

యూరప్ పందెం లారీలైతే అయిదు టన్నుల పైచిలుకు బరువు, వెయ్యి గుర్రాల పైన బలం. అయినా గంటకు 160 కిలోమీటర్లు దాటనివ్వరు. బ్రేకులు కాగిపోకుండా వాటి మీద నీళ్లు చిమ్ముతారు. మలుపు దగ్గర ఆవిరి మేఘమై లేస్తుంది. పొగ మితి మీరితే శిక్ష కూడా ఉంది. ఆ ఒక్క నియమానికి నేను వెయ్యి నమస్కారాలు పెడతాను. కానీ ఆ లారీల్లో సరుకుండదు. చెంబు దించి ఆడే తరంగంలా అనిపిస్తుంది నాకు. మన పందెం వేరే. కైకలూరు వైపు చెరువుల్లో పట్టిన చేపలు ఐసులో పడుకుని హౌరాకు బయల్దేరుతాయి. ఐసు కరుగుతూ ఉంటుంది. అదే గడియారం. అక్కడ జెండా ఊపేవాడు లేడు, కప్పు ఇచ్చేవాడు లేడు. దారిలో టోల్ గేట్లు, ఆవులు, చిల్కా దగ్గర వాన. చేరాక టర్బో చల్లారేదాకా రెండు నిమిషాలు స్లోలో ఉంచి ఇంజన్ ఆపే డ్రైవరుంటే వాడే ఛాంపియన్. నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే చక్రం అది. ఉన్నపళాన ఆపితే దాని గొంతు ఎండుతుంది.

నువ్వూ అలిసిపోయి ఒకనాడు తిరిగొచ్చావు, భామా. ఇంజన్ దింపారు. లైనర్లు మార్చారు, క్రాంకు లేత్‌కి వెళ్లింది, నాజిళ్లు పంపు గదికి వెళ్లాయి. పది రోజులు నీ క్యాబిన్ గుండె లేకుండా నిలబడింది. పదకొండో రోజు పొద్దున నేను బస్సు దిగేసరికి అన్నీ బిగించేశారు. ఎయిర్ తీశారు. సెల్ఫ్ కొట్టారు. రెండుసార్లు మూలిగావు. మూడోసారి అందుకున్నావు.

ఎవరూ మాట్లాడలేదు. పెద్ద మేస్త్రీ తన టీ గ్లాసు తీసుకెళ్లి నీ ట్యాపెట్ కవరు మీద పెట్టాడు. టీ మీద సన్నటి వలయాలు పుట్టాయి, గ్లాసు అంచుకు చేరకముందే సర్దుకున్నాయి. ఆయన వేళ్లు పానా మీద ఆరు కొట్టాయి, మళ్లీ ఆరు కొట్టాయి. గ్లాసు తీసి టీ తాగాడు.

క్లీనరు కుర్రాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పక్కకు జరిగాడు. ఫస్ట్ గేరు పడింది.