జువెల్ గోమెజ్ ‘ది గిల్డా స్టోరీస్’: అతీంద్రియ ప్రణయంలో వినిమయ నీతి

వ్యాససంగ్రహం

అమెరికన్ రచయిత్రి జువెల్ గోమెజ్ 1991లో వెలువరించిన ‘ది గిల్డా స్టోరీస్’ ఒక నల్లజాతి లెస్బియన్ రక్తపిశాచిని కథానాయికగా నిలిపిన నవల. భయానక సాహిత్యంలో స్త్రీల పరస్పర ప్రేమకు శిక్షగా మిగిలిన పాత్రను ఈ నవల జీవితేచ్ఛకు ప్రతీకగా ఎలా మార్చిందో, రచయిత్రి సాహిత్య ప్రచార జీవితానికీ నవలలోని నీతికీ ఉన్న సంబంధమేమిటో పరిశీలించడం, ఆ నీతిలోని లోపాన్ని గుర్తించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: లెస్బియన్ సాహిత్యం, అతీంద్రియ ప్రణయం, రక్తపిశాచి, బానిసత్వం, వినిమయ నీతి.

1. ఉపోద్ఘాతం

ఆంగ్ల భయానక సాహిత్యంలో స్త్రీని ప్రేమించే స్త్రీ మొదట పిశాచిగానే ప్రసిద్ధికెక్కింది. ఐరిష్ రచయిత షెరిడన్ లెఫాను 1871-72లో రాసిన ‘కార్మిల్లా’ అందుకు నిదర్శనం. బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ (1897) కంటే పాతికేళ్ల ముందే వచ్చిన ఆ కథలో కార్మిల్లా లారా అనే యువతిని ఆకర్షిస్తుంది. చివరకు పెద్దలైన పురుషులు సమాధి తెరిచి ఆమెను సంహరిస్తారు. ప్రేమ, వ్యాధి, మరణం అనే మూడూ అక్కడ ఒకే దేహంలో ఉన్నాయి. ఆ దేహాన్ని నాశనం చేస్తేనే కథ ముగుస్తుంది. గోమెజ్‌కు వారసత్వంగా అందిన సంప్రదాయం ఇదే. దానిని తిరస్కరించి పక్కకు తప్పుకోవడం సులభం. ఆమె ఆ పాత్రనే స్వీకరించి, దాని అర్థాన్ని మార్చే కష్టమైన మార్గాన్ని ఎంచుకున్నారు.

2. రచయిత్రి జీవితం – సాహిత్య ప్రచారం

గోమెజ్ 1948లో బోస్టన్‌లో జన్మించారు. ఆఫ్రికన్ అమెరికన్, స్థానిక అమెరికన్ మూలాలున్న కుటుంబంలో ముత్తవ్వ ఆమెను పెంచింది. తొలి రెండు కవితాసంపుటాలను 1980, 1986లలో ఆమె స్వయంగా ప్రచురించుకున్నారు. న్యూయార్క్ రాష్ట్ర కళామండలిలో సాహిత్య విభాగాన్ని నిర్వహించారు. ప్రసార మాధ్యమాల్లో స్వలింగ ప్రేమికుల చిత్రణను ప్రశ్నించే ‘గ్లాడ్’ సంస్థ తొలి కార్యవర్గంలో పనిచేశారు.

‘ది గిల్డా స్టోరీస్’ను ప్రచురించిన ఫైర్‌బ్రాండ్ బుక్స్ స్త్రీవాద, లెస్బియన్ రచనలకే అంకితమైన చిన్న సంస్థ. అలాంటి సంస్థల పుస్తకాలకు స్త్రీవాద పుస్తకాల దుకాణాలు, బహిరంగ పఠనాలు, చిన్న పత్రికలే ప్రధానాధారం. నవలకు లెస్బియన్ కాల్పనిక సాహిత్యం, లెస్బియన్ సైన్స్ ఫిక్షన్ అనే రెండు విభాగాల్లోనూ లాంబ్డా పురస్కారాలు లభించాయి. ఒకే పుస్తకం రెండు విభాగాలకు చెందడమే దాని స్వభావాన్ని సూచిస్తుంది. 1996లో గోమెజ్ దీనిని ‘బోన్స్ అండ్ యాష్’ పేరుతో రంగస్థలానికి మలచగా అర్బన్ బుష్ విమెన్ నృత్యబృందం ప్రదర్శించింది. 2016లో సిటీ లైట్స్ సంస్థ ఇరవై ఐదేళ్ల ప్రత్యేక ముద్రణను తెచ్చింది. పుస్తకాన్ని ప్రచారం చేయడమంటే దానిని చదివే సమాజాన్ని కూడా నిర్మించడమేనని ఈ క్రమం తెలుపుతున్నది.

3. రక్తం – వినిమయం

నవల 1850లో లూసియానాలో మొదలవుతుంది. మిసిసిపీ తోటల నుంచి పారిపోయిన ఒక బానిస బాలిక, తనపై అత్యాచారానికి వచ్చిన వేటగాణ్ణి కత్తితో చంపుతుంది. ఒక వేశ్యాగృహాన్ని నడిపే గిల్డా ఆమెను చేరదీస్తుంది. గిల్డా సహచరి, లకోటా జాతి స్త్రీ బర్డ్, ఆ బాలికకు చదువు నేర్పుతుంది. బానిసకు అక్షరం నేరమైన కాలంలో రక్తదానం కంటే ముందు అక్షరదానం జరగడం గమనార్హం. గిల్డా తన జీవాన్నీ పేరునూ బాలికకిచ్చి స్వచ్ఛంద మరణాన్ని వరిస్తుంది. అక్కడి నుంచి 2050 వరకు, రెండు వందల ఏళ్లు, ఎనిమిది అధ్యాయాలుగా కథ సాగుతుంది.

ఈ పిశాచులు ప్రాణం తీయరు. నిద్రలో ఉన్నవారి నుంచి కొంత రక్తం తీసుకుని, వారి మనసులోని కోరికను గ్రహించి, ప్రతిఫలంగా ఒక కలనో ధైర్యాన్నో వదిలి వెళతారు. ఇది వినిమయం. బానిస వ్యవస్థ మనిషి నెత్తుటిని ప్రతిఫలం లేకుండా పీల్చింది. కథలో అసలైన రక్తపిశాచి ఆ వ్యవస్థే. తెలుగులో ‘రక్తపిశాచి’ అన్న మాటకు దోపిడిదారు అనే అర్థం రూఢమై ఉన్నందున తెలుగు పాఠకునికి ఈ తిరగవేత మరింత స్పష్టమవుతుంది. ఈ పిశాచులు జన్మభూమి మట్టిని వెంట ఉంచుకోవాలన్న నియమమూ ఇలాంటిదే. గిల్డా మోసే మట్టి తనను బానిసను చేసిన నేలది. ఆమెకు రక్షణనిచ్చేదీ అదే.

4. ప్రణయం – సంయమనం

ప్రణయ కథలో సాధారణంగా అమరత్వమే పరమ కానుక. 1921 నాటి మిస్సోరీ అధ్యాయంలో ఔరేలియా అనే వితంతువును గిల్డా గాఢంగా ప్రేమిస్తుంది, అయినా ఆమెను తనలాంటిదానిగా మార్చకుండానే వెళ్లిపోతుంది. ఔరేలియాకు తనదైన జీవితం, తన ఊరి మనుషుల పట్ల బాధ్యత ఉన్నాయి. ప్రేమించడం వేరు, సొంతం చేసుకోవడం వేరు అన్న వివేకం ఇక్కడ కథాగమనాన్ని శాసిస్తుంది. ఒకప్పుడు మరొకరి ఆస్తిగా లెక్కకెక్కిన స్త్రీకి ఈ భేదం ప్రాణప్రదం. 2020 అధ్యాయంలో గిల్డా స్వయంగా ప్రణయ నవలలు రాసే రచయిత్రిగా కనిపిస్తుంది. నిద్రించేవారిలో కలను వదిలే పనికీ పాఠకులకు కథను అందించే పనికీ పోలికను ఈ అధ్యాయం సూచిస్తుంది.

5. విమర్శ

ఈ నీతి నిర్దుష్టమేమీ కాదు. నిద్రిస్తున్న వ్యక్తి రక్తదానానికి అంగీకరించలేదు. తన మనసును చదవడానికీ అనుమతించలేదు. ఎంత మంచి కలనిచ్చినా, అడగకుండా తీసుకున్నదానికి తీసుకున్నవారే వెల కట్టడం న్యాయమా అన్న ప్రశ్నను నవల లోతుగా ఎదుర్కోదు. బానిసత్వ నేపథ్యం వల్ల ఈ మౌనం మరింత వెలితిగా తోస్తుంది. దుష్టపాత్రలు కొన్నిచోట్ల ఏకముఖంగా ఉన్నాయి. అధ్యాయాల మధ్య దశాబ్దాల ఎడం వల్ల కొన్ని బంధాలు పరిపక్వం కాకముందే తెగిపోతాయి. అయితే చివరి అధ్యాయంలో అమరత్వాన్ని కొనదలచిన ధనికులు గిల్డా వంటివారిని వేటాడతారు. పారిపోయిన బాలిక రెండు శతాబ్దాల తర్వాత మళ్లీ పారిపోవలసి వస్తుంది. వినిమయం తెలియని ఆకలి ఎక్కడికి దారితీస్తుందో ఈ వలయాకార నిర్మాణం సమర్థంగా నిరూపించింది.

6. ముగింపు

కార్మిల్లాను చంపితే తప్ప కథ ముగియలేదు. గిల్డా బతికి ఉండటమే కథకు ఆధారం. అతీంద్రియ ప్రణయాన్ని కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టే విమర్శ ఈ భేదాన్ని చూడలేదు. చరిత్ర గ్రంథాల్లో చోటు దొరకని నల్లజాతి లెస్బియన్ స్త్రీకి రెండు వందల ఏళ్ల నిరంతర జీవితాన్ని ఇవ్వడానికి వాస్తవిక నవలకు ఉన్న కాలపరిమితి చాలదు. ఆ అవసరమే గోమెజ్ ఎంచుకున్న ప్రక్రియకు సమర్థన. తీసుకున్నదానికి బదులు ఇవ్వాలన్న సూత్రాన్ని సమ్మతి ప్రశ్న దాకా తీసుకువెళ్లకపోవడం నవల పరిమితి. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన కొలమానాన్ని తానే పాఠకుని చేతికివ్వడం దాని బలం.