నవ్విన నాపచేను

మా మనవరాలు 2023లో పదో తరగతికి వచ్చింది. సెంట్రల్ సిలబస్సు. కొత్త పుస్తకాలకి అట్టలు వేస్తూ, వాళ్ళన్నయ్య పాత సైన్సు పుస్తకం పక్కన పెట్టి చూసి, "అమ్మమ్మా, అన్నయ్యకున్న పాఠం నాకు లేదే!" అంది. నిజమే. అన్నయ్య పుస్తకంలో 'వంశపారంపర్యం, పరిణామం' అని వున్న పాఠం చెల్లాయి దగ్గరికి వచ్చేసరికి 'వంశపారంపర్యం' ఒక్కటే అయి కూర్చుంది. కరోనా తర్వాత పిల్లలకి బరువు తగ్గించడానికి తీసేశామన్నారు ఢిల్లీవారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో వుందిగా అన్నారు. వుంది, కాదనను. కాని పది దాటి ఎం.పి.సి. తీసుకున్న పిల్ల మళ్ళీ జీవశాస్త్రం మొహం చూస్తుందా? ఆ ఏడు ఏప్రిల్లో పద్ధెనిమిది వందలమందికి పైగా శాస్త్రవేత్తలూ, ఉపాధ్యాయులూ బహిరంగలేఖ మీద సంతకాలు పెట్టారంటే వూరికే పెట్టారా?

నేనిలా గొణుక్కుంటూంటే మా వదినగారు వత్తులు చేసుకుంటూ, "పోతే పోయిందిలే. మన దశావతారాల్లో లేనిదా అది? చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టిమనిషి. అన్నీ వరసగా వున్నాయిగా" అన్నారు. ఈ మాట ఆవిడ ఒక్కరే అన్నది కాదులెండి. 2019లో జలంధర్ సైన్సు కాంగ్రెసులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కంటె మెరుగైనవన్నారు. కాని నాకు దొరికింది వదినగారు. "అయితే పరశురాముడు ఏ జంతువు వదినగారూ?" అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. నేనూ కాస్త పెద్దగానే నవ్వాను. ఆవిడ వత్తుల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే ఈ తగాదా ఏమిటో మనవరాలికి తెలియాలని ఓ పాత సినిమా పెట్టాను. దాని గురించే ఈ నాలుగు ముక్కలూ.

సినిమా పేరు 'ఇన్‌హెరిట్ ది విండ్'. 1960లో స్టాన్లీ క్రామర్ తీశాడు. అంతకు ముందు 1955లో న్యూయార్కులో ఆడిన నాటకం అది. జెరోమ్ లారెన్స్, రాబర్ట్ ఇ. లీ అని ఇద్దరు కలిసి రాశారు. చదువుకునే రోజుల్లో ఆ నాటకం చదివి, రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. హిల్స్‌బరో అనే చిన్న వూళ్ళో కేట్స్ అనే కుర్ర మాస్టారు క్లాసులో డార్విన్ పాఠం చెబుతాడు. మనిషిని దేవుడు చేశాడన్న బైబిలు మాటకి అది విరుద్ధమని ఆ రాష్ట్రంలో చట్టం. జైల్లో పెడతారు. అతని మీద వాదించడానికి బ్రాడీ అనే మహావక్త దిగుతాడు. అతని పక్షాన డ్రమండ్ అనే పేరుమోసిన ప్లీడరు. వూరంతా బ్రాడీకి హారతి పడుతుంది, కుర్రవాడి మీద రాళ్ళు రువ్వేంత కోపంగా వుంటుంది. చివరికి డ్రమండ్ ఆ బ్రాడీనే బోనెక్కించి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, జనంచేత నవ్విస్తాడు. ఆ నవ్వు తట్టుకోలేక బ్రాడీ కోర్టులోనే కుప్పకూలి చచ్చిపోతాడు.

స్పెన్సర్ ట్రేసీ డ్రమండ్. ఫ్రెడ్రిక్ మార్చ్ బ్రాడీ. చెమటలు కారుతూ, తాటాకు విసనకర్రలు వూపుకుంటూ కూర్చున్న ఆ కోర్టు హాల్లో వీళ్ళిద్దరూ ఎదురుపడితే కళ్ళు తిప్పుకోలేం. ఆఖరున ఖాళీ కోర్టులో డ్రమండ్ ఒక చేత్తో బైబిలూ, ఒక చేత్తో డార్విన్ పుస్తకమూ తూచి చూసుకుని, రెండూ కలిపి సంచీలో పెట్టుకుపోతాడు. ఆ దృశ్యానికి అప్పుడూ ఇప్పుడూ నా కళ్ళు చెమర్చాయి.

దీపాలు వేశాక మనవరాలు ఏమందో తెలుసా? "ఆ ముసలాయన్ని చూసి అందరూ నవ్వారు సరే, అమ్మమ్మా. ఆయనకి ఆ పాఠం అంటే అంత భయం ఎందుకో ఎవరూ అడగలేదేం?" అంది. కాస్సేపాగి, "పొద్దున నువ్వూ పెద్దమ్మమ్మని అడగలేదుగా" అంది.

నా దగ్గర జవాబు లేదు. దానితో అసలు చరిత్ర తీసి చదవడం మొదలుపెట్టాను.

ఈ కథకి మూలం అమెరికాలో టెనెసీ రాష్ట్రం, డేటన్ అనే వూరు. 1925 మార్చిలో ఆ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో మనిషి నీచజంతువులనించి వచ్చాడని చెప్పకూడదని చట్టం చేసింది. చట్టాన్ని కోర్టులో పరీక్షకి పెట్టడానికి ముందుకొచ్చే మాస్టారి ఖర్చులు మేం భరిస్తామని న్యూయార్కులోని పౌరహక్కుల సంఘం ప్రకటించింది. డేటన్ పెద్దలు మందులషాపులో కూర్చుని, ఈ కేసేదో మనవూళ్ళో జరిగితే వూరిపేరు మోగిపోతుందనుకున్నారు. టెన్నిస్ ఆడుకుంటున్న జాన్ స్కోప్స్ అనే ఇరవైనాలుగేళ్ళ మాస్టారిని పిలిపించి ఒప్పించారు. అంటే వూరే పిలిచి పేరంటం పెట్టుకుందన్నమాట! స్కోప్స్ ఒక్క రాత్రీ జైల్లో లేడు. అతని మీద ఎవరూ రాయి వెయ్యలేదు. సినిమాలో మనల్ని భయపెట్టిన ఆ గుంపు రచయితల సృష్టి.

నాటకానికి ముందు రచయితలు ఇది చరిత్ర కాదని చెప్పుకున్నారు. నిజానికి వాళ్ళ మనసులో వున్నది 1950ల నాటి మెకార్థీ కాలం, అభిప్రాయాలకి మనుషుల్ని వేటాడిన కాలం. అందులో తప్పులేదు. కాని కోట్లమంది ఈ సినిమానే చరిత్ర అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అదే నా ఫిర్యాదు.

బ్రాడీ పాత్రకి మూలమైన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సంగతి చూడండి. సినిమాలో తిండిపోతు, డాంబికుడు, మూర్ఖుడు. అసలు బ్రయన్ మూడుసార్లు అధ్యక్షపదవికి పోటీచేసి ఓడినవాడు. పేద రైతుల తరఫున నిలిచినవాడు. స్త్రీల ఓటుహక్కుకి మద్దతిచ్చినవాడు. 1906లో మనదేశం వచ్చి, ఇంగ్లీషువాళ్ళ పాలన ఎంత అన్యాయమో పుస్తకం రాసినవాడు. ఇంతటివాడికి డార్విన్ అంటే ఎందుకంత దడ? 'బలవంతుడిదే బతుకు' అని పిల్లలకి నూరిపోస్తే బలహీనుణ్ణి తొక్కెయ్యడం ధర్మమైపోతుందని ఆయన బెంగ. మొదటి ప్రపంచయుద్ధం చూశాక ఆ బెంగ మరీ ముదిరింది.

ఆ బెంగ వట్టిది కాదు. స్కోప్స్ కేసుకి ఆధారమైన పాఠ్యపుస్తకం హంటర్ రాసిన 'సివిక్ బయాలజీ', 1914 నాటిది. అందులో పరిణామంతో పాటు ఇంకేం వుందనుకున్నారు? మనుషుల్ని అయిదు జాతులుగా విడదీసి, తెల్లవాళ్ళది అందరికంటె ఉన్నతజాతి అని వుంది. బుద్ధిమాంద్యం వున్న కుటుంబాలు సంఘానికి పరాన్నజీవులనీ, వాళ్ళకి సంతానం కలగకుండా చూడాలనీ వుంది. మన వీరుడు చేత్తో పట్టుకున్న పుస్తకంలో మనకి కిందిమెట్టు రాసిపెట్టి వుందని సినిమా ఎక్కడా చెప్పదు.

అలాగని బ్రయన్ చెప్పిందే ఒప్పనటం లేదు. ప్రాణుల్లో ఏం జరిగిందో చెప్పేది జీవశాస్త్రం. మనుషులు ఎలా మెలగాలో చెప్పడం దాని పని కాదు. రెంటినీ కలిపెయ్యడం హంటర్ చేసిన తప్పు. కలిపి పారెయ్యడం బ్రయన్ చేసిన తప్పు. ఈ మాట ఒక్కటి సినిమాలో ఎవరైనా అనివుంటే మా మనవరాలి ప్రశ్నకి జవాబు దొరికేది.

ఇక మన ఆడవాళ్ళ సంగతికి వద్దాం. సినిమాలో ఇద్దరున్నారు. ఒకరు రేచల్, మతగురువు కూతురు, మాస్టారి ప్రేయసి. తండ్రికీ ప్రియుడికీ మధ్య నలిగి ఏడవడమే ఆ పిల్ల పని. రెండో ఆవిడ బ్రాడీ భార్య. భర్త అవమానపడి వస్తే పసివాణ్ణి వూపినట్టు ఒళ్ళో వూపి ఓదారుస్తుంది. కన్నీళ్ళొస్తాయి, నిజమే. కాని అసలు మేరీ బ్రయన్ భర్తకి సాయపడాలని న్యాయశాస్త్రం చదివి, 1888లోనే నెబ్రాస్కాలో ప్లీడరు పట్టా తెచ్చుకున్న మనిషి. అంతటి ఆవిడని తెచ్చి వట్టి ఒడిగా మిగిల్చారు.

అయితే ఒక్కచోట నాటకకర్తలకి నమస్కారం పెట్టాలి. ప్రార్థనసభలో మతగురువు కన్నకూతుర్నే శపించబోతే ఆపేది ఎవరనుకున్నారు? బ్రాడీయే. ఇంట్లోవాళ్ళని బాధపెట్టినవాడికి గాలే ఆస్తి అనే అర్థం వచ్చే బైబిలు సామెత చెప్పి ఆపుతాడు. నాటకం పేరు అందులోంచి వచ్చిందే. ఆ కాస్త దయ మిగతా రెండు గంటలూ చూపించివుంటే ఇంకా గొప్ప నాటకం అయ్యేది.

ఇంతకీ ఆ నవ్వు వల్ల ఏం ఒరిగింది? డేటన్‌లో 1925 జులై 20న, ఎండ వేడికి కోర్టు ఆవరణలో చెట్లకింద డారో అనే ప్లీడరు బ్రయన్‌ని నిజంగానే ప్రశ్నించాడు. యోనాని మింగిన చేప ఏమిటి, కయీనుకి పెళ్ళాం ఎక్కణ్ణించి వచ్చింది అని. జనం నవ్వారు. జ్యూరీ అక్కడ లేనేలేదు. మర్నాడు జడ్జి ఆ ప్రశ్నోత్తరాలన్నీ రికార్డులోంచి కొట్టేశాడు. తొమ్మిది నిమిషాల్లో స్కోప్స్ దోషి అని తేల్చారు. వంద డాలర్లు జరిమానా. రెండేళ్ళకి పైకోర్టు, జరిమానా జడ్జి కాక జ్యూరీ వెయ్యాల్సిందని సాంకేతికకారణం మీద శిక్ష రద్దు చేసింది. చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. బ్రయన్ తీర్పు వచ్చిన అయిదోరోజున, ఆదివారం భోజనం చేసి పడుకుని, నిద్రలోనే పోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు అమెరికా పాఠ్యపుస్తకాల్లో పరిణామం ప్రస్తావన తగ్గిపోయింది. టెనెసీ చట్టం రద్దయింది 1967లో! నవ్విన నాపచేనే పండుతుందని మనవాళ్ళు వూరికే అనలేదు.

మరి చివరికి గెలిపించింది ఎవరు? ఆర్కెన్సాలో ఇలాంటి చట్టమే వుంటే, సుసాన్ ఎపర్సన్ అనే జీవశాస్త్రం టీచరు 1965లో కోర్టుకి వెళ్ళింది. ఆవిడ దైవభక్తి వున్న క్రైస్తవురాలే. బడివారు ఇచ్చిన పుస్తకంలో పాఠం వుంది, అది చెబితే నేరం, నేనేం చెయ్యను అని అడిగింది. అంతే. 1968లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదంది. ఆ తర్వాత సృష్టివాదులు పేరు మార్చుకుని, దీనివెనక ఎవరో 'బుద్ధిశాలి రూపకర్త' వున్నాడనే వాదంతో మళ్ళీ వచ్చారు. పెన్సిల్వేనియాలో డోవర్ అనే వూళ్ళో, పరిణామసిద్ధాంతంలో లోపాలున్నాయనీ, ఈ కొత్తవాదం కూడా వుందనీ పిల్లలకి చదివి వినిపించాలని బడి బోర్డు తీర్మానించింది. కోర్టుకెక్కిన పదకొండుమంది తల్లిదండ్రుల్లో మొదటి పేరు టామీ కిట్జ్‌మిల్లర్ అనే తల్లిది. 2005లో విచారణ. అందులో బార్బరా ఫారెస్ట్ అనే ఫిలాసఫీ ప్రొఫెసరు బోనెక్కింది. కొత్తవాదులు మెచ్చిన పుస్తకం పాత చిత్తుప్రతులన్నీ ఓపిగ్గా చదివి తెచ్చింది. పాతవాటిలో 'సృష్టి' అని వున్నచోటల్లా, 1987లో కోర్టు సృష్టివాదాన్ని బళ్ళలో వద్దన్నాక, కొత్తమాట వచ్చి కూర్చుంది. ఒకచోట దిద్దడం సరిగ్గా కుదరక, పాతమాట తలా తోకా మిగిలి, మధ్యలో కొత్తమాట ఇరుక్కుపోయింది! పాతచీరకి కొత్త అంచు కుట్టి కొత్తదని అమ్మబోతే, కుట్టు పట్టేసిన ఇల్లాలు గుర్తొచ్చింది నాకు. జడ్జి 139 పేజీల తీర్పు రాసి, ఇది సైన్సు కాదన్నాడు.

ఎవరూ కుప్పకూలలేదు. ఎవర్నీ నవ్వులపాలు చెయ్యడం మీద గెలుపు ఆధారపడలేదు. చదివారు, చూపించారు. ఈ కథ సినిమాగా తీస్తే ట్రేసీ లాంటి నటుడికి వేషం వుండదు కాబోలు. అయినా నాకు చూడాలనే వుంది.

మర్నాడు అన్నయ్య పాత పుస్తకం పట్టుకుని వదినగారి దగ్గరికి వెళ్ళాను. "నిన్న నవ్వినందుకు ఏమీ అనుకోకండి" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. కాస్సేపటికి తనే, "కోతినించి పుట్టామంటే నీకు బాగుందా?" అన్నారు. అలా కాదని చెప్పాను. మేనత్త కూతురికీ నాకూ తాత ఒకడే, అంతమాత్రాన నేను ఆవిడ కడుపున పుట్టానా? కోతులకీ మనకీ వున్నది ఆ చుట్టరికమే, కాకపోతే లక్షల తరాల వెనక.

"మరి మార్చిందెవరు?" అన్నారు. వాళ్ళ నాన్నగారు కళ్ళంలో మంచి వెన్నులు ఏరి విత్తనాలకి దాచడం ఆవిడకి బాగా తెలుసు. ఏడాదికేడాది ఏరితే పంట తీరే మారుతుంది. ప్రకృతిలో ఏరే రైతు లేడు. ఎండకీ వానకీ తట్టుకుని మిగిలిందే విత్తనం అవుతుంది.

"అయితే దేవుడు లేడని రాశాడా ఇందులో?"

"ఆ ప్రశ్న ఈ పుస్తకం అడగనే అడగదు వదినగారూ."

"మరి దశావతారాలు?"

"అవి మీరు చెబితే పిల్లలు వింటారు. కథగా, భక్తిగా. సైన్సు పరీక్షకి మాత్రం వాటిని పంపకండి."

ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకున్నట్టు లేదు. "తాబేలు ముందా, చేప ముందా చూడు అందులో" అన్నారు. చేపే ముందని చూపించాను. "చెప్పానా!" అన్నారు. ఈసారి ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ కళ్ళజోడు తెమ్మని మనవరాల్ని కేకేసి, పుస్తకం తన ఒళ్ళోకి లాక్కున్నారు. లేదనుకున్న పాఠం ఆ మధ్యాహ్నం మనవరాలే ఆవిడకి చదివి వినిపించింది.